పండుగ కానుకగా చిలుక

నాలుగేండ్ల క్రిందట సంక్రాంతికి మా చెల్లెలు కూతుతో మా యింటికి వచ్చెను. ఏడేండ్ల మేనకోడలిని ఏమి కానుక కావలె నని యడుగగా, మాటలాడు చిలుక కావలె ననెను. సంతలో రామచిలుక పిల్లను, ఒక యిరుకు పంజరమును కొని యిచ్చితిమి. మన దేశపు చిలుకలను పట్టుటయు అమ్ముటయు పెంచుటయు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే నిషిద్ధములని మే మెఱుగకపోలేదు. పండుగనాడు చట్ట మెవరికి జ్ఞాపకముండును?

ఆ మాసముననే తరగతిలో బాణభట్టుని కాదంబరీకథ చెప్పుచుంటిమి. శూద్రకమహారాజునకు ఒక కన్య కానుకగా తెచ్చినదియు చిలుకయే. ముసలి వేటకాడు బూరుగు చెట్టెక్కి తన తండ్రిని చంపిన విధమును ఆ చిలుకయే చెప్పును. ఈ కథను పదునైదేండ్లుగా పాఠము చెప్పుచున్నాము! మేము కొన్న పిల్లయు ఏదో తొఱ్ఱనుండి తీసినదే కదా యని మా కొకనాడైనను తోచలేదు.

పిల్ల రెండు వారములు జామపండ్లు పెట్టెను, తరువాత బడి. చిలుక 20 ఏండ్లకు పైగా బ్రదుకగల ప్రాణి. దానిని కానుకగా నిచ్చుట యనగా పరుల యింటికి అన్నేండ్ల చాకిరి నప్పగించుటయే. అది మా చెల్లెలిపై పడెను. "అన్నయ్యా, నీ చిలుకను నీవే తీసికొనిపో" యని ఆమె కబురంపెను. పోయి చూతుము గదా, దాని ఱొమ్మున ఈకలు లేవు, తానే పీకికొనినదట. అటవీశాఖవారి కప్పగించి వచ్చితిమి.

మొన్నటి సంక్రాంతికి మేనకోడలు మరల వచ్చి, "మామయ్యా, నా చిలుక ఇప్పుడు ఎగురుచున్నదా?" యని యడిగెను.