జీ నొక్కితే పాత బొమ్మ

2000 జూన్‌లో వచ్చిన డయాబ్లో 2 అనే కంప్యూటర్ గేమ్‌ని 2021 సెప్టెంబరులో కొత్త హంగులతో మళ్ళీ విడుదల చేశారు. పేరు డయాబ్లో 2 రిసరెక్టెడ్. కత్తులు, మంత్రాలు, రాక్షసులు... మన చందమామ కథల సరంజామానే. కాకపోతే ఇక్కడ రాక్షసుణ్ణి మనమే మౌస్ నొక్కి నొక్కి చంపాలి. నేను దీన్ని కొన్నది మాత్రం మొన్న సంక్రాంతికి ముందు. ఈఎంఐలూ, రిలీజులూ పోగా మిగిలిన తీరిక అంతే లెండి.

ఇందులో నాకు బాగా నచ్చింది 'జీ' మీట. ఆట మధ్యలో అది నొక్కితే త్రీడీ మెరుపులన్నీ పోయి 2000 నాటి గళ్ళుగళ్ళ బొమ్మ వచ్చేస్తుంది. మళ్ళీ నొక్కితే కొత్తది. ఎలాగంటే, లోపల నడిచేది పాత ఆటే. దెబ్బ తగిలిందా లేదా, ఏ వస్తువు రాలింది లాంటివన్నీ సెకనుకి 25 సార్లు లెక్కగట్టే ఆ పాత లాజిక్కే. దాని మీద కొత్త పొర కప్పారు. మన భాషలో చెప్పాలంటే బ్యాకెండ్ జోలికి పోకుండా ఫ్రంటెండ్ మార్చారన్నమాట. ఒంటరిగా ఆడుకున్న పాత ఆటల సేవ్ ఫైళ్ళు కూడా ఇందులో పనిచేస్తాయి. కింద పడ్డ బంగారం దానంతటదే చేతికొస్తుంది, సామాన్లు దాచుకునే పెట్టె పెద్దదైంది. అలాగని ఆటని సులువు చేసెయ్యలేదు. చస్తే ఒంటి మీద సామానంతా శవం దగ్గరే ఉంటుంది, వట్టి చేతుల్తో వెళ్ళి తెచ్చుకోవాల్సిందే. ఇరవై ఏళ్ళ నాటి కోడ్‌తో తిప్పలు పడ్డవాళ్ళెవరైనా ఈ పనికి దణ్ణం పెడతారు.

ఇక అసలు విషయానికొస్తాను.

మాది తిరువూరు. అప్పట్లో కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. 2010 ప్రాంతంలో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, మా ఊళ్ళో ఓ నెట్ సెంటర్లో ఆరు కంప్యూటర్లుండేవి. పేరుకి నెట్ సెంటరే గానీ నెట్ ఉండేది తక్కువ. అయితేనేం, ఆరింటినీ కలుపుతూ కేబుల్ ఉండేది. ఈ ఆటకి అది చాలు. ఒకడు తన కంప్యూటర్ ఐపీ అడ్రసు గట్టిగా అరిచేవాడు, మిగతావాళ్ళం అది కొట్టి లోపలికి వెళ్ళిపోయేవాళ్ళం. గంటకి 15 రూపాయలు. బీటెక్‌లో నెట్‌వర్క్స్ సబ్జెక్టు నాకు కొత్తగా అనిపించకపోవడానికి కారణం అదే :)

మనిషి పెరిగినకొద్దీ రాక్షసుల బలమూ పెరిగేది. రాక్షసుడు చచ్చి ఉంగరం రాలిందంటే, ఎవడు ముందు నొక్కితే వాడిదే. ఆ ఉంగరాల కోసం పక్కపక్క కుర్చీల్లో కూచునే మేం రెండేసి రోజులు మాటలు మానేసిన సందర్భాలున్నాయి. కరెంటు పోయి మళ్ళీ వస్తే, చంపిన రాక్షసులంతా మళ్ళీ లేచి కూచునేవాళ్ళు. మేమూ మళ్ళీ మొదలెట్టేవాళ్ళం.

కొత్తదాంట్లో ఆ ఐపీ అడ్రసు కొట్టే దారి లేదు. భద్రతా కారణాలతో తీసేస్తున్నామని 2021లో విడుదలకి ముందే ప్రకటించారు. కలిసి ఆడాలంటే ఇంటర్నెట్ ఉండాలి, ఎవరి ఖాతా వాళ్ళకుండాలి, ఎవరి ఆట వాళ్ళు కొనుక్కోవాలి. కారణం అర్థంలేనిదేం కాదు. సెక్యూరిటీ ఆడిట్ ఒక్కటి ఎదుర్కొన్నా చాలు, ఒప్పుకుంటారు.

సంక్రాంతికి ల్యాప్‌టాప్ ఊరికి పట్టుకెళ్ళాను. అప్పట్లో ఎప్పుడూ బార్బేరియన్‌తోనే ఆడే మావాడొకడు ఇప్పుడు ఊళ్ళోనే మామిడితోట చూసుకుంటున్నాడు. జీ నొక్కుతూ పాతదీ కొత్తదీ మార్చి మార్చి చూపించాను. వాడు చాలాసేపు చూసి, "బొమ్మ బాగుంది రా. మరి నేనెక్కడ కూచోవాలి?" అన్నాడు.

నేనేం చెప్పలేదు. వాడి ఫోన్లో నెట్ ఉంది, కావాలంటే ఆట కొనగలడు కూడా. వాడడిగింది అది కాదని ఇద్దరికీ తెలుసు.

ఇది ఆటతో పోయే గొడవైతే ఇంత రాసేవాణ్ణి కాదు. మా ఆఫీసులో ఓ పాత అప్లికేషన్‌ని కొత్తగా రాస్తున్నాం. సిగ్నల్ లేనిచోట వివరాలు ఎక్కించుకుని, ఊళ్ళోకొచ్చాక పంపే సౌకర్యం అందులో ఉంది. వాడకం బాగా తక్కువ, టెస్టింగ్ ఖర్చు ఎక్కువ, తీసేద్దామన్నారు. లెక్క ప్రకారం కరెక్టే. కానీ ఆ వాడే కొద్దిమందీ ఎవరు? పల్లెలు తిరిగే ఫీల్డ్ స్టాఫ్. వాళ్ళు మన మీటింగులకి రారు, సర్వేలు నింపరు. కనీసం నలుగురితో మాట్లాడాకే తీద్దామని నేను మెయిల్ పెట్టాను. రిలీజు రెండు వారాలు వెనక్కి పోతుందని మేనేజర్ మొహం మాడ్చుకున్నాడు. అప్రైజల్ కూడా దగ్గర్లోనే ఉంది. ఏమవుతుందో చూడాలి.

నా మట్టుకు నాకు అర్థమైందేమిటంటే, పాతదాన్ని కొత్తగా చేసేటప్పుడు కంటికి కనిపించేవన్నీ జాగ్రత్తగానే కాపాడతాం. మనుషులు ఒకచోట చేరడానికి పనికొచ్చిన కేబులు, కుర్చీ లాంటివి ఏ డాక్యుమెంట్లోనూ ఉండవు. వాటి గురించి ఎవరో ఒకరు నోరు తెరిచి అడగాలి. మీ ప్రాజెక్టులో 'ఎవరూ వాడట్లేదు' అని తీసేసిన దాన్ని ఎవరు వాడేవారో మీకెవరికైనా తెలుసా?