లోతు తెలిసి దిగుట

"దిగినగాని లోతు తెలియదు" అని మనవారు తరచుగా చెప్పుదురు. క్రొత్త వ్యాపారము పెట్టువానికిని, క్రొత్త ఊరికి పోవువానికిని ఈ మాట ధైర్యము కలిగించును. అయితే నీటి విషయమున మాత్రము ఇది పనికిరాదని నాకు తోచుచున్నది. నీట మునుగుటయే వినోదముగా పెట్టుకొన్నవారు మొదట లోతు తెలిసికొని పిమ్మట దిగుదురు. వారి పద్ధతిని నేను కొంత చూచి, కొంత నేర్చుకొంటిని గనుక, వేసవి సెలవులు సమీపించుచున్న యీ సమయమున మన విద్యార్థులకును, వారి తలిదండ్రులకును దానిని గూర్చి వ్రాయ బూనితిని.

నా తమ్ముడు కెనడా దేశమున టొరంటో నగరములో కాపురమున్నాడు. రెండేండ్ల క్రిందట నేను దీర్ఘకాలపు సెలవు పెట్టి జూలై, ఆగస్టు నెలలు వారింట గడిపితిని. ఆ దేశమునకును అమెరికా సంయుక్త రాష్ట్రములకును నడుమ అయిదు గొప్ప సరస్సులు కలవు. వానిలో హ్యూరన్ సరస్సు ఒకటి. దాని విస్తీర్ణము సుమారు 59,600 చదరపు కిలోమీటర్లు. మిక్కిలి లోతైన చోట 229 మీటర్లు. మన కొల్లేరును మంచినీటి సరస్సే గాని, అందలి నీరు చాల చోట్ల మనిషి నిలువునకు మించదు. హ్యూరన్ ఒడ్డున నిలిచి చూచినవాడు దానిని సముద్రమనుకొనునే గాని సరస్సనుకొనడు. నాలుకపై వేసికొన్నపుడు మాత్రము ఉప్పదనము లేదు.

నా తమ్ముడు సెలవు దినములలో ఆ సరస్సున మునుగుచుండును. "అన్నయ్యా, నీవును నేర్చుకొనరాదా?" అని అతడు అడిగినపుడు నేను వెంటనే సమాధానమీయ లేకపోతిని. దానికి కారణము చెప్పవలెను. నా చిన్నతనమున మా పెదతండ్రిగారి కుమారుడు, పదునైదేండ్ల వాడు, మా ఊరి వెలుపల పాడువడిన రాతిగనిలో మునిగి చనిపోయెను. వానలకు ఆ గుంట నిండియుండెను. అడుగు మన్ను పిడికిట తెచ్చినవాడే మగవాడని తోడి పిల్లలు పందెము వేసిరి. బావులలో ఆ పందెము అతడు ఎన్నో మారులు గెలిచినవాడే. కాని ఆ గుంట లోతెంతో అచ్చట నున్న వారిలో ఒక్కనికిని తెలియదు. అతనికి భయము కలిగినదనియు, వెనుకకు తిరుగబోగా "పిరికివాడు" అని కేకలు వేసిరనియు తరువాత విన్నాము. నాటినుండి మా తల్లి మమ్ము నీటి దరికి పోనిచ్చెడిది కాదు. నలువది యేండ్లు నిండిన పిమ్మట, నా కుమారునితోపాటు పట్టణపు ఈతకొలనులో నేను ఈత నేర్చుకొంటిని. ఇట్టి నేపథ్యము గల నాకు సరస్సు అడుగునకు పోవుట యనిన వినోదముగా తోచలేదు. అయినను తమ్ముడు పట్టుపట్టలేదు. "ఒక్క దినము పాఠమునకు వచ్చి కూర్చుండుము, నచ్చకున్న మానుము" అని మాత్రమనెను. ఆ మాట నాకు నచ్చినది.

ఈ విద్యను స్కూబా అందురు. నీటి లోపల స్వయముగా శ్వాసించుటకైన ఉపకరణము అని యర్థమిచ్చు ఆంగ్లపదముల మొదటి యక్షరములు కూర్చగా ఏర్పడిన మాట యిది. 1943వ సంవత్సరమున ఫ్రాన్సు దేశీయులగు జాక్ కూస్తో అను నౌకాదళాధికారియు, ఎమిల్ గాన్యా అను ఇంజనీరును కలిసి దీనికి వలసిన కవాటమును సిద్ధపరచిరి. యుద్ధకాలమున పెట్రోలు కరవై, మోటారుకార్లు గ్యాసుతో నడపవలసి వచ్చినపుడు వాడిన కవాటమునే గాన్యా ఇందులకు మార్చెను. దానిని మొదట పరీక్షించినదియు మంచినీటి యందే. పారిస్ దగ్గరి మార్న్ నదిలో. మునుగువాడు వీపునకు ఒక సిలిండరు కట్టుకొనును. సుమారు 11 లీటర్లు పట్టు ఆ పాత్రలో 2,200 లీటర్లకు పైబడిన గాలిని క్రుక్కి నింపుదురు. అది మనము పీల్చు సామాన్యమైన గాలియే గాని కేవలము ఆమ్లజని కాదు. నోట కరచుకొన్న కవాటము, ఎంత లోతున నున్న అంతకు తగిన ఒత్తిడితో గాలినిచ్చును.

మొదటి పాఠమునకు కూర్చున్న నాకు, నేను పిల్లలకు నల్లబల్లపై చెప్పు భౌతికశాస్త్రమే ఎదుట కనబడెను. నీటి ఉపరితలమున మనపై నుండు వాయుభారమును ఒకటి యనుకొందము. సుమారు 10 మీటర్ల లోతున అది రెండగును. 20 మీటర్లలో మూడగును. ఒత్తిడి రెట్టింపయినచో గాలి పరిమాణము సగమగునని 1662లో రాబర్టు బాయిల్ ప్రకటించిన సూత్రమును మన తొమ్మిదవ తరగతి బాలురు కంఠస్థము చేసియే యున్నారు. అచ్చట ఆ సూత్రము ప్రాణముతో ముడివడి యున్నది. బావిలో మునుగు బాలుడు పైన పీల్చిన గాలితో దిగి, ఆ గాలితోనే తిరిగి వచ్చును. అది లోపల కుంచించుకొని మరల మొదటి పరిమాణమునకు వచ్చును. సిలిండరుతో దిగినవాడట్లు కాదు. అతడు 10 మీటర్ల లోతున నిండుగ పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చినయెడల, ఆ గాలి రెండింతలు కాజూచును, ఊపిరితిత్తులు చినుగును. కాబట్టి వారి మొదటి ఆజ్ఞ: ఎన్నడును ఊపిరి బిగబట్టకుము. నీటిలో దిగిన వెంటనే ఊపిరి బిగబట్టుట మన స్వభావము. ఆ స్వభావమును మార్చుకొనుటకే నాకు మూడు దినములు పట్టెను.

రెండవ ఆజ్ఞ, మెల్లగా పైకి రమ్మని. ఒత్తిడి యందు పీల్చిన నత్రజని రక్తములో కరగి యుండును. తొందరపడి లేచినవానికి అది సోడాబుడ్డి మూత తీసినపుడువలె బుడగలై కీళ్ళను, నరములను బాధించును. ఇంగ్లాండున జె. ఎస్. హాల్డేన్ అను శాస్త్రవేత్త మేకలను ఒత్తిడిగదిలో నుంచి పరీక్షించి, ఎంత మెల్లగా రావలెనో తెలుపు పట్టికలను 1908లో ప్రకటించెను. నేడు నిమిషమునకు 9 మీటర్లకు మించక లేచి, 5 మీటర్ల దగ్గర మూడు నిమిషములు నిలువుమని నేర్పుదురు. మంచినీటికి మరియొక లెక్క కలదు. ఉప్పునీటికంటె ఇది తేలిక గనుక, మనిషిని అంతగా తేల్చదు. సముద్రములో మునుగుటకు నడుమునకు కట్టుకొను సీసపు బరువులు సరస్సునందు కొన్ని తీసివేయవలెను.

సిలిండరు కట్టుకొనక మునుపే ప్రతివాడును 200 మీటర్లు ఆగక ఈది, పది నిమిషములు ఊరక తేలి చూపవలసి యుండెను. పిమ్మట కొలనులో అభ్యాసము, ఆపై ఒక చిన్న సరస్సున నాలుగు మునకలు. అన్నియు ముగిసిన వెనుక 18 మీటర్లకు మించరాదను నియమముతో నాకు ధ్రువపత్రమిచ్చిరి.

నీటిలో మాటలు లేవు గనుక సంజ్ఞలే మాటలు. మనము బాగున్నదనుటకు బొటనవ్రేలు పైకెత్తుదుము. అచ్చట దాని యర్థము వేరు: పైకి పోదము. బాగున్నదనుటకు బొటనవ్రేలిని చూపుడువ్రేలితో కలిపి సున్న చుట్టవలెను. ఎవ్వడును ఒంటరిగా దిగడు, జంట యుండవలెను. జంటలో ఎవరు బొటనవ్రేలు చూపినను, రెండవవాడు కారణమడుగక వెంట లేచి రావలెను. చలి కావచ్చును, భయము కావచ్చును, ఊరక మనసు బాగుండకపోవచ్చును. పైకి వచ్చిన తరువాతను ఎవరును ఎగతాళి చేయరాదు. మా శిక్షకుడు ఈ నియమము చెప్పుచున్నపుడు నేను వ్రాసికొనుట మాని కొంతసేపు ఊరకుంటిని. ఆ రాతిగని యొడ్డున ఇట్టి సంజ్ఞ యొక్కటి యుండినయెడల మా అన్న నేడు ఏబదియేండ్లు సమీపించినవాడై యుండును.

ఆగస్టు నెలలో నా తమ్ముడును నేనును టోబర్మొరీ అను గ్రామమునకు పోతిమి. హ్యూరన్ సరస్సులోనికి పొడుచుకొని వచ్చిన బ్రూస్ ద్వీపకల్పపు కొనను అది యున్నది. దాని చుట్టునున్న నీటిని 1987లో ఫాదమ్ ఫైవ్ అను పేర జాతీయ రక్షితస్థలముగా ఏర్పరచిరి. అందు ఇరువదికి పైగా మునిగిన ఓడలు కలవు. మునుగదలచినవారు ముందుగా పేరు వ్రాయించుకొనవలెను. ఓడల నుండి మేకు నైనను తీసికొని రాగూడదు.

మేము చూచినది "స్వీప్‌స్టేక్స్" అను రెండు స్తంభముల తెరచాప ఓడ. అది 1867లో కట్టబడినది, 1885లో దెబ్బతినగా ఆ గ్రామపు రేవులోనికి లాగుకొని వచ్చిరి, అచ్చటనే మునిగినది. పొడవు 36 మీటర్లు. ఉన్న లోతు ఆరు మీటర్లకు అటునిటు. నేను ఒక తాటిచెట్టు ఎత్తు కూడ దిగలేదు; అయినను నూట యేబది యేండ్లకు పైబడిన పలకలు, దూలములు వడ్రంగి చేతిపని తెలియునట్లు కన్నుల యెదుట నిలిచెను. సముద్రమున కొయ్యను తొలిచి తినివేయు పురుగు ఈ మంచినీటిలో బ్రదుకలేదు. చల్లదనము కుళ్ళును ఆలస్యము చేయును. మా ఉచ్ఛ్వాస నిశ్శ్వాసముల చప్పుడు తప్ప మరేమియు వినబడలేదు. ఆ ఓడలోనికి మేము దూరలేదు. ప్రక్కగా తేలుచు చూచి మరలితిమి. ఆ అరగంట నా జీవితమున మరువరానిది.

మరునాడు మరియొక చోట దిగితిమి. వేసవిలో సరస్సు పైనీరు వెచ్చనై తేలికగా నుండి, క్రిందనున్న చల్లని నీటితో కలియదు. రెంటికి నడుమ పొలిమేర గీచినట్లుండును. నేను పండ్రెండు మీటర్లు దాటి ఆ పొలిమేర సొచ్చితిని. మందమైన రబ్బరు దుస్తు లోపలికి చలి సూదులవలె దిగెను, శ్వాస వేగమయ్యెను, ఎదుట చీకటి తోచెను. గాలి కావలసినంత యున్నది. ఉపకరణములన్నియు సరిగా నున్నవి. అయినను నేను బొటనవ్రేలెత్తితిని. నా తమ్ముడు అదే సంజ్ఞ తిరిగి చేసి, నా చేయి పట్టుకొని, మెల్లగా నాతో లేచెను. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషములు ఒకరి కన్నులొకరు చూచుచు నిలిచితిమి. పడవపై ఎవరును ఏమియు నడుగలేదు. ఒక పెద్దమనిషి వేడి టీ యిచ్చి, "రేపును నీరు ఇచ్చటనే యుండును" అనెను. నేను అతనికంటె ధైర్యవంతుని నింతవరకు చూడలేదు. ఆయన ముప్పది యేండ్లుగా మునుగుచున్నవాడట.

ప్రియ విద్యార్థులారా, మీరందరును ఇట్టి సరస్సులకు పోగలరని నేననుకొనను. మన చెరువులలో, గుంటలలో సిలిండరుతో దిగి చూచుటకు తేటనీరును లేదు. కాని ఆ పద్ధతికి వ్యయము లేదు. లోతు తెలియని నీటిలో దిగకుడు. రాతిగనుల యంచులు గోడలవలె నిలువుగా నుండును, కాలూనుటకు మెట్టుండదు, పైనీరు వెచ్చగా నున్నను క్రింద చలి యుండును. తలక్రిందుగా దూకకుడు. పెద్దవారు లేనిదే, జంట లేనిదే దిగకుడు. మునుగుచున్నవానిని చూచి మీరును దూకకుడు. పంచె గాని, త్రాడు గాని, వెదురు గాని, మూత బిగించిన ఖాళీ డబ్బా గాని అందించి కేకలు వేయుడు.

తలిదండ్రులారా, పిల్లలను నీటికి దూరముగా నుంచుట ఒక్కటియే చాలదు. ఊరి నిండ నీరున్నది. వారు ఏదో యొక దినము పోవుదురు. నమ్మదగినవారి దగ్గర ఈత నేర్పించుడు. ఈ వేసవిలో ప్రతి శనివారము ఉదయమున, ఇంటినుండి అనుమతిపత్రము తెచ్చిన బాలురను పట్టణపు ఈతకొలనునకు వెంటబెట్టుకొని పోవుటకు నేను సిద్ధముగా నున్నాను. మొదటి దినమున ఈత కాదు, బొటనవ్రేలి సంజ్ఞ నేర్పెదను. ఎవ్వడు దానిని చూపినను తక్కినవారందరు నవ్వక గట్టునకు రావలెను.