వెబ్ ఆప్షన్ల పట్టిక కూడా అమానతే

నీట్ ఫలితాలు వెలువడిన నాటి నుండి మన ఇళ్లలో రెండు రకాల ఆందోళనలు కనబడతాయి. మొదటిది ర్యాంకు గురించి. అది పిల్లల శ్రమకూ, అల్లాహ్ నిర్ణయానికీ సంబంధించినది. ఫలితం వచ్చిన తరువాత దానిని ఎవరూ మార్చలేరు. రెండవది వెబ్ ఆప్షన్ల గురించి. ఇది ఇంకా మన చేతిలోనే ఉన్న విషయం. అయితే మార్చలేని ర్యాంకును తలచుకొని నెలల తరబడి కుమిలిపోయే ఇళ్లలోనే, చేతిలో ఉన్న ఆప్షన్ల పట్టికను ఒక్క రాత్రిలో, ఏ ఇంటర్నెట్ సెంటర్‌లోనో కూర్చొని, పక్కవారు చెప్పిన వరుసలో నింపి వస్తున్నారు. ఒక బిడ్డ అయిదున్నరేళ్ల చదువు ఎక్కడ సాగాలో నిర్ణయించే కాగితానికి మనమిచ్చే సమయం ఇంతేనా?

మేము మద్రసాలో బోధించేది ఫిఖ్హ్, హదీసు. వైద్య కళాశాలల ప్రవేశాలు మా పాఠ్యాంశం కాదు. అయినా ఏటా ఈ రోజులలో తల్లిదండ్రులు ఇస్తిఖారా విధానం అడగడానికి మా వద్దకు వస్తారు. నమాజు విధానం చెప్పడం పూర్తయ్యేసరికి అసలు ప్రశ్న బయటపడుతుంది: "మౌలానా సాబ్, ఏ కాలేజీ ముందు పెట్టాలి?" ఈ ప్రశ్నకు తెలిసీ తెలియక జవాబివ్వడం తగదు. అందువల్ల సీట్ల కేటాయింపు ఏ విధంగా జరుగుతుందో తెలుసుకోవడం మా బాధ్యతగా భావించాము.

ప్రభుత్వ వైద్య కళాశాలల సీట్లలో 15 శాతం ఆలిండియా కోటాకు చెందినవి. వాటి కౌన్సెలింగును కేంద్ర స్థాయిలో మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ నిర్వహిస్తుంది. మిగిలిన 85 శాతం సీట్లను తెలంగాణలో వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం, ఆంధ్రప్రదేశ్‌లో విజయవాడలోని డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం భర్తీ చేస్తాయి. కేంద్రానికి ఒక పట్టిక, రాష్ట్రానికి మరొక పట్టిక ఇవ్వాలి. రెండింటి వెనుక ఉన్న సూత్రం మాత్రం ఒక్కటే. కంప్యూటరు ముందుగా చూసేది ర్యాంకును. మంచి ర్యాంకు వచ్చినవారి వంతు ముందు వస్తుంది. వంతు వచ్చిన అభ్యర్థి మొదటి ఆప్షన్‌లో సీటు ఉందా అని చూస్తుంది. ఉంటే అదే ఖరారు. లేకుంటే రెండవది, అదీ లేకుంటే మూడవది. బి.సి.-ఇ వర్గానికి చెందిన అమ్మాయి అయితే, ఆ కళాశాలలో ఓపెన్ సీటుతో పాటు 4 శాతం కోటా కింద ఆమె వర్గపు సీటు కూడా పరిశీలనకు వస్తుంది. ఆమె పట్టిక పూర్తయిన తరువాతనే తదుపరి ర్యాంకు వంతు.

ఈ ఒక్క వాక్యం అర్థమైతే సగం భయం తొలగిపోతుంది. ఒకసారి ఒక తండ్రి మాతో అన్నాడు: "మా అమ్మాయి ర్యాంకుకు గాంధీ రాదంటున్నారు మౌలానా సాబ్. గాంధీ ముందు పెడితే, ఆ లోపల నిజామాబాద్ సీట్లు వేరేవాళ్లు ఎగరేసుకుపోతారట. నిజామాబాదే మొదట పెట్టమంటారా?" మేము ఆయనతో ఇలా అన్నాము: "భాయ్‌సాబ్, ఆసుపత్రిలో టోకెను తీసుకొని కూర్చుంటారు కదా. మీ నంబరు వచ్చాక లోపలికి వెళ్లి పెద్ద డాక్టరు ఉన్నారా అని అడుగుతారు. లేరంటే చిన్న డాక్టరును అడుగుతారు. మీరు పెద్ద డాక్టరును అడిగినందుకు మీ వెనుక టోకెను వాళ్లు మీకన్నా ముందుకు వస్తారా?" ఆయన రారన్నాడు. ఇక్కడా అంతే. నిజామాబాదును మొదటి ఆప్షన్‌గా రాసిన వెనుక ర్యాంకు విద్యార్థి, దానిని మూడవదిగా రాసిన ముందు ర్యాంకు విద్యార్థిని దాటిపోలేడు. గాంధీ పైన రాయడం వల్ల ఆ అమ్మాయి పోగొట్టుకునేది ఏమీ లేదు. రాయకపోతే మాత్రం, ఒకవేళ అక్కడ సీటు మిగిలి ఉన్నా అది ఆమెకు దక్కదు.

ప్రపంచంలో అన్ని పద్ధతులూ ఇలా ఉండవు. అమెరికాలోని బోస్టన్ నగరంలో 2005 వరకు ప్రభుత్వ పాఠశాలల ప్రవేశాలలో వేరొక విధానం నడిచింది. ముందుగా మొదటి ఆప్షన్‌గా రాసినవారితోనే సీట్లు నింపేవారు. మిగిలితేనే రెండవ ఆప్షన్‌గా రాసినవారికి అవకాశం. అక్కడ నిజంగా కోరుకున్న బడిని మొదట రాసి, అది దక్కని బిడ్డ, రెండవ బడిని కూడా పోగొట్టుకునే ప్రమాదం ఉండేది. ఈ కిటుకు తెలిసిన తల్లిదండ్రులు లెక్కలు వేసుకొని రాసేవారు. తెలియనివారు మనసులో ఉన్నది రాసి నష్టపోయేవారు. చివరకు ఆ నగరం ఆ విధానాన్ని మార్చుకున్నది. అభ్యర్థుల, కళాశాలల ఇష్టాలను బట్టి సీట్లు పంచడం ఎలా అన్న విషయంపై గేల్, షాప్లీ అనే గణితవేత్తలు 1962లోనే ఒక వ్యాసం రాశారు. ఆ కృషిని ముందుకు తీసుకువెళ్లిన ఆల్విన్ రాత్‌కూ, షాప్లీకీ 2012లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. మన పెద్దలలో ఉన్న భయం బోస్టన్ పాత పద్ధతికి సరిపోయే భయం. మన రాష్ట్రాల పద్ధతికి అది వర్తించదు. ఇక్కడ ఉన్నది ఉన్నట్లు రాసినవారికి నష్టం లేదు. తెలివితేటలు ప్రదర్శించి వరుసను తారుమారు చేసినవారికే నష్టం.

అయితే రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది, పట్టిక మరీ చిన్నదిగా ఉండరాదు. వెళ్లడానికి సిద్ధంగా ఉన్న ప్రతి కళాశాలా అందులో చోటు చేసుకోవాలి. అయిదారు పేర్లతో ఆపివేసి, వాటిలో ఏదీ రాక ఇంట్లో కూర్చున్న పిల్లలను మేము చూశాము. రెండవది, సీటు వచ్చినా చేరలేని కళాశాలను రాయరాదు. ఆలిండియా కోటాలో మొదటి విడత సీటును వదులుకోవచ్చును గాని, ఆ తరువాతి విడతలలో సీటు వచ్చి చేరకపోతే కట్టిన డిపాజిట్టు పోతుంది. అలాగే మొదటి విడతలో చేరి, మెరుగైన దాని కోసం రెండవ విడతకు వెళ్లేవారు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటున్నది. కొత్త సీటు కేటాయించగానే పాత సీటు మరొకరికి వెళ్లిపోతుంది. కనుక రెండవసారి రాసే పట్టికలో, చేతిలో ఉన్న సీటు కన్నా నిజంగా మేలనుకున్నవి మాత్రమే ఉండాలి. నిబంధనలలో మార్పులు రావచ్చు గనుక ఆ సంవత్సరపు ప్రకటనను ఇంట్లో ఒకరు చివరి వరకు చదవాలి.

ఇక్కడి వరకు లెక్క. ఇక నియ్యత్ సంగతి. కంప్యూటరు పట్టికను యథాతథంగా అమలు చేస్తుంది. అయితే ఆ పట్టికలోని వరుస ఎవరి మనసులోనిది? ఈ ప్రశ్నను మేము ప్రతి తల్లినీ తండ్రినీ అడుగుతాము. చదవవలసినది అమ్మాయి. శవాల గదిలో నిలబడవలసినదీ, రాత్రి డ్యూటీలు చేయవలసినదీ ఆమె. పట్టికపై ఆమె పేరే ఉంటుంది. వరుస మాత్రం మామయ్య చెప్పినది, పొరుగింటివారి అబ్బాయి చేరినది, బంధువులలో గొప్పగా చెప్పుకోవడానికి పనికివచ్చేది. కొన్ని ఇళ్లలో అమ్మాయిని అడగకుండానే దూరపు కళాశాలలన్నీ కొట్టివేస్తున్నారు. దూరం, హాస్టలు, భద్రత నిజమైన విషయాలే. వాటిని ఆలోచించడం తల్లిదండ్రుల బాధ్యత. కాని ఆ మాట ఆమెతో కూర్చొని, ఆమె వాదన విని తేల్చుకోవలసినది. ఆమెకు తెలియకుండా పాస్‌వర్డు తీసుకొని మార్చవలసినది కాదు. సంతానం మన వద్ద అల్లాహ్ ఉంచిన అమానతు అని జుమా ఖుత్బాలలో వింటుంటాము. వారి పేరున మనం నింపే పట్టిక కూడా ఆ అమానతులో భాగమే.

ఖర్చు విషయంలోనూ ఇంతే నిజాయితీ కావాలి. ప్రయివేటు కళాశాలల మేనేజ్‌మెంటు సీట్లకు ఏటా లక్షలలో ఫీజు ఉంటుంది. ఆ వరుసలో పేరు రాసేముందు, ఆ డబ్బు హలాల్ మార్గంలో సమకూరుతుందా అని ఇంట్లో లెక్క వేసుకోవాలి. వడ్డీ అప్పు తప్ప వేరే దారి లేదని తెలిసీ సీటును రాసుకొని, వచ్చిన తరువాత "ఇప్పుడేం చేయమంటారు మౌలానా సాబ్" అని అడిగే తండ్రికి మేము ఇవ్వగల జవాబు చాలా చేదుగా ఉంటుంది. ఆ ప్రశ్న అడగవలసిన రోజు సీటు వచ్చిన రోజు కాదు. పట్టిక రాసే రోజు.

ఇమామ్ గజాలీ (రహ్మతుల్లాహ్ అలైహ్) తమ ఇహ్యా ఉలూమిద్దీన్‌లో వైద్యాన్ని ఫర్జె కిఫాయాలలో లెక్కించారు. అంటే సముదాయంలో కొందరైనా దానిని నేర్చుకోకపోతే అందరూ బాధ్యులవుతారు. వైద్యులు కరవైన ఊళ్లలో సైతం జనమంతా ఫిఖ్హ్ వైపే పరుగులు తీయడాన్ని ఆయన విమర్శించారు. ఫిఖ్హ్ బోధించే మాకు ఆ విమర్శ నేరుగా తగులుతుంది. కనుక వైద్యం చదవగోరే బిడ్డను మేము ఎన్నడూ నిరుత్సాహపరచము. అయితే వైద్యసేవకు ఎం.బి.బి.ఎస్. ఒక్కటే ద్వారం కాదని కూడా చెబుతాము. దంతవైద్యం ఉన్నది. నీట్ ద్వారానే ప్రవేశం లభించే యునానీ కోర్సు ఉన్నది. దానికి హైదరాబాద్‌లో నిజామియా తిబ్బీ కళాశాల, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యునానీ కళాశాల ఉన్నాయి. ఎం.బి.బి.ఎస్. రాకపోతే వీటిలో చేరాలా, మరో సంవత్సరం నీట్‌కు సిద్ధం కావాలా అన్నది కూడా ముందుగానే కూర్చొని తేల్చుకోవలసిన వరుసే.

ఇక ఇస్తిఖారా. దైవప్రవక్త (స) తమ సహచరులకు ఖుర్‌ఆన్ సూరాలు నేర్పినంత శ్రద్ధగా దీనిని నేర్పారని హజ్రత్ జాబిర్ (రజి) ద్వారా మనకు తెలుస్తున్నది. రెండు రకాతుల నఫిల్ నమాజు, ఆ తరువాత దుఆ. అది కలలో కళాశాల పేరు కనబడటానికి చేసేది కాదు. తెలుసుకోవలసినది తెలుసుకొని, సంప్రదించవలసినవారిని సంప్రదించి, మనసు ఒక వరుస వైపు మొగ్గిన తరువాత, "ఇందులో మేలు ఉంటే సులభం చెయ్యి, లేకుంటే దీనిని నా నుండి తప్పించు" అన్న భావంతో దాసుడు తన ప్రభువును వేడుకోవడమే ఇస్తిఖారా. ముందు మష్వరా, తరువాత నిర్ణయం, ఆపైన తవక్కుల్ అన్న క్రమాన్ని దివ్యఖుర్‌ఆన్ మనకు నేర్పింది. నిబంధనలు చదవకుండా, బిడ్డను అడగకుండా చేసే తవక్కుల్ ఒంటెను కట్టకుండా వదిలివేయడం వంటిది.

అందువల్ల మేము చెప్పేది ఇంతే. పట్టిక రాసే ముందు ఒక పూట ఇంటిల్లిపాదీ కూర్చోండి. మొదట అమ్మాయినో అబ్బాయినో మాట్లాడనివ్వండి. వెళ్లగలిగినవన్నీ రాయండి, వెళ్లలేనివి వదలండి. మిగిలిన వాటిని మనసులో ఉన్న వరుసలోనే పెట్టండి. గడువు ముగియకముందే సేవ్ చేసి, ప్రింటు తీసి, మరొకసారి చదువుకోండి. ఆ తరువాత మొదటి ఆప్షన్ వచ్చినా, పదిహేనవది వచ్చినా, బిడ్డ ముఖం చూసి "నువ్వు కోరిన వరుసలోనే వచ్చింది" అని చెప్పగలుగుతారు. వేరెవరి వరుసలోనో చేరిన బిడ్డకు ఆ మాట చెప్పలేరు.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన జ్ఞానాన్నీ, వారి చేతులలో రోగులకు స్వస్థతనూ ప్రసాదించుగాక. ఆమీన్.