చీటీల సమాలోచన

మా ఇళ్లలో పెద్దలు ఏ పని తలపెట్టినా ముందు మష్వరా కావాలనేవారు. తెలుగులో దానిని సమాలోచన అంటాము. మాట రెండు భాషలలోనూ అందమైనదే. ఆచరణలో మాత్రం ఒకరిద్దరు మాట్లాడడం, తక్కినవారు తల ఊపడం సమాలోచనగా చెల్లిపోతున్నది. మేమూ అట్లు తల ఊపినవారమే.

మొదటి గంటకు విద్యార్థినుల హాజరు తగ్గుతున్నదని ఒక సంవత్సరం మన కళాశాలలో ఉపసంఘం సమావేశమైనది. క్రమశిక్షణ లేదన్నారు ఒకరు. తల్లిదండ్రులకు శ్రద్ధ లేదన్నారు మరొకరు. గంటన్నర చర్చ జరిగిన పిమ్మట ఆలస్యానికి జరిమానా విధించాలని తీర్మానమైనది. ఇద్దరు విద్యార్థినీ ప్రతినిధులు ఒక మూల కూర్చుని ఉన్నారు. వారు ఒక్క మాటా అనలేదు, మేమూ అడగలేదు. తీర్మానంపై సంతకం చేశాము.

దసరా సెలవుల తరువాత మా తరగతిలో రెండవ వరుసలో కూర్చునే అమ్మాయి రాలేదు. జరిమానా సంగతి ఇంటిలో చెప్పలేక చదువు మానుకొన్నదని ఆమె స్నేహితురాలి వలన తెలిసింది. ఆ సంతకం మమ్ములను చాలాకాలం బాధించింది.

ఈ విషయమై కొంత చదివాము. విమర్శను వాయిదా వేసి ముందు ఆలోచనలను పోగుచేయాలని అమెరికాకు చెందిన అలెక్స్ ఆస్బోర్న్ 1953లో తన గ్రంథంలో ప్రతిపాదించాడు. కాని నలుగురు కలిసి కూర్చుని చెప్పిన వాటికంటె, నలుగురు విడివిడిగా ఆలోచించినవి కలిపితేనే ఎక్కువ ఉన్నవని 1958లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేల్చారు. ఒకరు మాట్లాడుతున్నంతసేపు తక్కినవారు ఆగవలసిందే కదా! 1971లో డెల్బెక్, వాన్ డి వెన్ అనే పండితులు మరొక పద్ధతి చూపారు: ముందు మౌనంగా వ్రాయడం, పిదప వరుసగా ఒక్కొక్కరు ఒక్కొక్క అంశం చెప్పడం, అర్థం కానిది అడిగి తెలుసుకోవడం, చివరకు ఎవరికి వారు రహస్యంగా ప్రాధాన్యాన్ని నిర్ణయించడం.

మరుసటి సంవత్సరం అదే సమస్య మరల చర్చకు వచ్చినప్పుడు, ఈ పద్ధతిని ఒక్కసారి అనుసరించి చూద్దామని ప్రాధేయపడ్డాము. ప్రశ్నను కూడ మార్చాము. "ఎట్లు దండించాలి?" అని గాక, "ఎందుకు రాలేకపోతున్నారు?" అని వ్రాశాము. ఉర్దూలోనైనా తెలుగులోనైనా వ్రాయవచ్చును; పేరు అక్కరలేదు. పది నిమిషాల మౌనం పెద్దలకు దుర్భరమే అయినది. ఒకరు రెండుమార్లు చాయ్ అడిగారు. పేర్లు లేవు గనుక చీటీలన్నీ కలిపి, ఒక్కొక్క అంశమే మేము నల్లబల్లపై ఎక్కించాము.

ఒక చీటీలో చిన్న అక్షరాలతో ఉర్దూలో ఇట్లున్నది: "మా గల్లీలో రోజు విడిచి రోజు నల్లా తొమ్మిదింటికి వస్తుంది. నీళ్లు పట్టి రావాలి." తరగతి తొమ్మిదిన్నరకు. వెనుకటి ఏడు గంటన్నర వాదోపవాదాలలో నీటి మాటే రాలేదు. ప్రతివారు అయిదు అంశాలను ఎన్నుకొని మార్కులు వేయగా, అదే మొదట నిలిచింది. క్రమశిక్షణ అన్నవారు కూడ దానికే వేసి ఉండాలి. లేకున్న అన్ని మార్కులు రావు.

జరిమానా రద్దయినది, తరగతులు పదింటికి మారినవి. సాయంత్రం బస్సు తప్పిపోతున్నదని దూరపు విద్యార్థులు ఇప్పుడు ఫిర్యాదు చేస్తున్నారు. దానికీ చీటీలు పంచవలసి ఉన్నది. నిర్ణయం ముందే జేబులో పెట్టుకొని వచ్చి చీటీలు పంచితే మాత్రం అది వట్టి మోసం.

ఆ చీటీ ఎవరిదో మేము అడగలేదు. చదువు మానిన అమ్మాయి ఇంటినుండే చదివి పరీక్ష వ్రాయనున్నదని విన్నాము. స్నేహితురాలి చేత మా నోట్సులు పంపుతున్నాము.