పగటి తెర, రాత్రి అచ్చు

కరీంనగర్ ఐటీ టవర్‌లో ఉద్యోగానికి చేరి ఎనిమిది నెలలైంది. ఫోన్ యాప్‌లకు తెరలు గీయడం నా పని. పొద్దున తొమ్మిదిన్నరకు పోతే సాయంత్రం ఆరున్నర. రాత్రి పది దాటినంక జగిత్యాలలోని బాపు షాపు నుంచి తెచ్చుకున్న కంప్యూటర్ ముందర కూర్చుంటాను. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో సొంత పని పెట్టుకోవద్దని చేరిన నాడే చెప్పారు. మంచిదే. రెండు యంత్రాలుంటే ఏది ఎవరి పనో నాకూ గుర్తుంటది.

బాపుది జిరాక్స్, డీటీపీ షాపు. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెండ్లి కార్డులు, దశదినకర్మ పత్రికలు కొట్టేవాడు. అనులో అక్షరం ముక్కలు ముక్కలుగా ఉంటది, గుడి ఒక చోట, ఒత్తు ఒక చోట. ఆ మ్యాటర్‌ను అదే ఫాంటు లేని చోటికి తీసుకపోతే ఇంగ్లిషు పిచ్చిరాతలు కనబడతాయి. ఇంటర్ సెలవుల్లో ఆ షాపులోనే కూర్చొని నేను ఒత్తులు పట్టుకోవడం నేర్చుకున్నాను. ఇది చదువు కిందికి వస్తదని అప్పుడు అనుకోలేదు.

కొత్త ఉద్యోగంలో నా మొదటి కొట్లాట ఆ ఒత్తుల మీదనే. తెరలన్నీ ముందు ఇంగ్లిషులో గీస్తారు, తర్వాత తెలుగు మాటలు తెచ్చి అందులో పోస్తారు. ఇంగ్లిషు అక్షరం బెంచీ మీద కూర్చున్నట్టు సాఫీగా కూర్చుంటది. మనదానికి పైన గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. ఒకరోజు టెస్టింగ్ ఫోన్‌లో ‘రాష్ట్రం’ అనే మాట కింది సగం తెగి ‘రాషం’ అని కనబడ్డది. గడి ఎత్తు ఎనిమిది పిక్సెళ్లు పెంచమని అడిగాను. ఎనిమిది పిక్సెళ్ల కోసం రెండు రోజుల మీటింగులు! చివరికి బాపుకు ఫోన్ పంపి చదివించి, ఆ వీడియో చూపెడితే ఒప్పుకున్నారు.

రాత్రి పని సంగతి వేరు. ఉట్నూరు దిక్కు బడిలో చెప్పే స్నేహితురాలు గోడకు అంటించే అక్షరాల చార్టు ఒకటి గీసిమ్మని అడిగింది. తెలుగుది కాదు, గుంజాల గోండిది. ఆదిలాబాద్ జిల్లా నార్నూర్ మండలంలో గుంజాల అనే ఊరుంది. అక్కడి గోండుల ఇండ్లల్లో ఈ లిపిలో రాసిన చేతిరాత పుస్తకాలు ఉన్నాయని 2006లో బయటి లోకానికి తెలిసింది. జయధీర్ తిరుమలరావు గారి వంటి పరిశోధకులు వాటి వెంట పడ్డారు. 2018 జూన్‌లో యూనికోడ్ 11తో ఈ లిపికి కంప్యూటర్‌లో 80 గడుల జాగా దొరికింది. బాలాఘాట్ దిక్కు 1918లో మున్షీ మంగల్ సింగ్ మసరాం చేసిన గోండి లిపి వేరు. ఈ రెంటినీ కలిపేసిన పోస్టర్ ఒకటి చూసి నాకు నవ్వొచ్చింది. తర్వాత నా మొదటి ఫైలు తెరిస్తే అందులో మూడు అక్షరాలు మసరాం లిపివే. నవ్వు ఆగిపోయింది.

బాపు కంప్యూటర్‌లో ఆ లిపి మొదట అన్నీ డబ్బాలే. నోటో అనే ఫాంటు వేసుకున్నాక అక్షరాలు కనబడ్డాయి గానీ, పేజ్‌మేకర్ మాత్రం మొండికేసింది. వేరే సాఫ్ట్‌వేర్ దించుకొని, నోటో గీతల మీదనే మూడు వారాలు చార్టు గీశాను. గీత సన్నగా, పక్కన చోటు ఎక్కువగా. మా ఆఫీసు వాళ్లు చూస్తే మెచ్చుకునే రకం.

ఆదివారం బస్సెక్కాను. ధర్మపురి, రాయపట్నం వంతెన, లక్షెట్టిపేట, జన్నారం అడవి మీదుగా ఉట్నూరు. అక్కడి నుంచి స్నేహితురాలి బండి మీద. లిపి చదవగలిగే ఒక పెద్దాయన చార్టును రెండు చేతులతో పట్టుకొని చాలాసేపు చూశాడు.

“అక్షరాలు సక్కగనే ఉన్నయి బిడ్డా. గని గింత సన్నగ గీస్తే ఎనుక కూసున్న పిలగాండ్లకు కనబడతయా?”

“కనబడయి తాతా,” అన్నాను. ఎనిమిది పిక్సెళ్ల కోసం అంత కొట్లాడినదాన్ని, ఇక్కడ నేనే వెనుక బెంచీని మరిచిపోయాను.

తిరుగు బస్సులో మళ్లీ లెక్క వేసుకున్నాను. ఒక్కో గీతను మూడింతలు లావు చేయాలె. లావైతే లోపలి సందులు పూడుకపోతాయి, అట్లయితే ప్రతి అక్షరాన్నీ వెడల్పు చేయాలె. అంటే రాత్రికి నాలుగు అక్షరాలు, శని ఆదివారాలు పది. ఈ లెక్కలో చుట్టాలు లేరు. “జర ఒక ఫ్లెక్సు గీసియ్యి, నీకెంతసేపు” అని వారానికి ఒక మేనమామో చిన్నమ్మో అడుగుతూనే ఉంటారు. కాదనడం ఇంకా రాలేదు. బాపు షాపు నంబర్ ఇస్తున్నాను, ఆయన పైసలు తీసుకుంటాడు.

ఒకసారి దెబ్బ తగిలింది. రాత్రి రెండింటి దాకా కూర్చొని, తెల్లారి ఆఫీసులో పాత ఫైలును కొత్తదనుకొని పంపాను. మధ్యాహ్నం దాకా ఇద్దరు ప్రోగ్రామర్ల పని పాడైంది. ఆ రోజు నుంచి పదకొండున్నరకు బాపు కంప్యూటర్ కట్టేస్తున్నాను, గీత సగంలో ఉన్నా సరే.

పోయిన శుక్రవారం చార్టు ప్రెస్సుకు పోయింది. ప్రెస్సాయన తెర మీద అటూ ఇటూ జరిపి, “అమ్మా, ఇది ఎవరు చదువుతరు? ప్రూఫు ఎవలు చూసిండ్రు?” అని అడిగాడు. నేను గీయగలను గానీ చదవలేను. ఫొటో తీసి స్నేహితురాలికి పంపాను, ఆమె ఆ పెద్దాయనకు చూపెట్టాలె. ఊళ్లో సిగ్నల్ అందడం లేదట. ప్రెస్సాయన మంగళవారం దాకా ఆగుతానన్నాడు. సోమవారం పది గంటలకు నాకు ఆఫీసు మీటింగు.