పెన్షనరు అడిగిన చిరునామా

గోదావరి ఎక్స్‌ప్రెస్ నాంపల్లి చేరేసరికి ఇంకా సరిగ్గా తెల్లవారలేదు. సామర్లకోటలో ఎక్కిన పెదనాన్నగారు, దొడ్డమ్మ ముందు దిగారు, సంచులు పట్టుకుని నేను వెనక దిగాను. ఆయన కాకినాడలో ఏళ్ల తరబడి ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యారు. పెన్షనర్ల స్వర్గమని పేరున్న ఊరది. కాలేజీలకు, డాక్టర్లకు లోటు లేదు. అయినా కూతురు గచ్చిబౌలిలో స్థిరపడింది కాబట్టి హైదరాబాదు రాక తప్పేట్టు లేదు. వస్తాను గానీ టవర్లలో ఉండలేనన్నారాయన. ఆయన అడిగింది రెండే: పొద్దున్న నడిచి వెళ్లడానికి ఓ లైబ్రరీ, సాయంత్రం కూర్చుని వినడానికి ఓ సభ. ఆ రెండూ దొరికే చోటు వెతకడానికే ఈ ప్రయాణం.

ఇలాంటి కోరిక అమెరికాలో ఇప్పటికే పెద్ద వ్యాపారమైంది. బోస్టన్ దగ్గర న్యూటన్‌లో, లాసెల్ కాలేజీ ప్రాంగణంలో 2000లో ‘లాసెల్ విలేజ్’ అని వృద్ధుల నివాసం తెరిచారు. అక్కడ చేరేవాళ్లు ఏడాదికి 450 గంటలు చదువుకో, వ్యాయామానికో, సేవకో వెచ్చిస్తామని ఒప్పుకోవాలి. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పక్కన 2020లో ‘మిరాబెల్లా’ వచ్చింది. ఆ పక్కనే ఉన్న సంగీత వేదిక హోరు భరించలేక అక్కడి పెద్దలు కోర్టుకెక్కారు కూడా. కుర్రకారు ఉన్నచోట చప్పుడు తప్పదు. ఇల్లు చూసుకునేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోవాలి. మన దగ్గర కాలేజీ వాకిట్లో వృద్ధులకోసం కట్టిన అలాంటి ఊళ్లు నా ఎరుకలో లేవు. పాత కాలేజీల పేటల్లోనే ఇల్లు వెతుక్కోవాలి.

హైదరాబాదులో అలాంటి పేట అబిడ్స్, నాంపల్లే. స్టేషన్ బయట టీ తాగి నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద నడుస్తుంటే గోల్డెన్ త్రెషోల్డ్ వచ్చింది. అఘోరనాథ్ చటోపాధ్యాయ కుటుంబం ఉన్న ఇల్లది. ఆయన నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్. ఆయన కూతురు సరోజినీ నాయుడు 1905లో అచ్చువేసిన తొలి కవితా సంపుటి పేరే ఇంటికి నిలిచిపోయింది. 1974లో ఏర్పడిన హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ముందుగా పాఠాలు చెప్పింది ఇక్కడే. తర్వాత గచ్చిబౌలికి వెళ్లిపోయింది.

పెదనాన్నగారు గేటు దగ్గర చాలాసేపు ఆగారు. “అమ్మాయిది గచ్చిబౌలి, మనది ఇక్కడ. యూనివర్సిటీ వెళ్లిన దారే కదా ఇది” అన్నారు.

ఒక్క కేంద్రీయ విశ్వవిద్యాలయమే కాదు. ఉస్మానియాలో 1919లో తరగతులు మొదలైంది కూడా ఇక్కడికి దగ్గర్లోనే, గన్‌ఫౌండ్రీ ప్రాంతంలో. అడిక్‌మెట్‌లో ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో గానీ తెరుచుకోలేదు. 1985లో నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ పక్కన పుట్టిన తెలుగు విశ్వవిద్యాలయానికి ఇప్పుడు బాచుపల్లిలో కొత్త ప్రాంగణముంది. 1891లో అబిడ్స్‌లో మొదలైన ఆసఫియా గ్రంథాలయం 1936లో అఫ్జల్‌గంజ్‌కి మారి, ఈనాడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా నడుస్తోంది. పెద్ద చదువులన్నీ ఇక్కడ పురుడు పోసుకుని, చోటు చాలక తరలిపోయాయి. కానీ హాళ్లు, హాస్టళ్లు, పుస్తకాలు, బడులు మిగిలాయి. 1887 నాటి నిజాం కాలేజీ ఉన్నచోటే ఉంది. పరీక్షలతో పనిలేని మనిషికి ఇంతకంటే ఏం కావాలి?

తిలక్ రోడ్డుకి తిరిగాం. నా లెక్కలో పెన్షనర్లకు ఈ పేట మొత్తంలో విలువైన వీధి ఇదే. 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి స్థాపించిన రెడ్డి హాస్టల్, 1943లో నిజాం రాష్ట్రాంధ్ర సారస్వత పరిషత్తుగా పుట్టి ఇప్పుడు తెలంగాణ సారస్వత పరిషత్తు అయిన సంస్థ, రెండూ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూసినవారే. తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో ఆయన పేరే పెట్టారు. పరిషత్తు హాల్లో పుస్తకావిష్కరణో, సాహిత్య ప్రసంగమో, సంస్మరణ సభో జరుగుతూ ఉంటుంది. టికెట్టు ఉండదు, ఎవరైనా వెళ్లి కూర్చోవచ్చు. ఇంకాస్త ఓపికుంటే సుల్తాన్‌బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉంది.

ఆ రోజు ఆదివారం. దుకాణాల షట్టర్లు దించి ఉన్నాయి, వాటి ముందు ఫుట్‌పాత్ మీద టార్పాలిన్లు పరిచి పాత పుస్తకాలు గుట్టలు పోశారు. పెదనాన్నగారు ఓ గుట్ట ముందు గొంతుక్కూర్చుని హాలిడే, రెస్నిక్ ఫిజిక్స్ పాత ప్రతి ఒకటి పైకి తీశారు. అట్ట ఊడి వస్తోంది. మార్జిన్లో ఎవరో పెన్సిలుతో చేసిన లెక్కలున్నాయి. పక్కన బ్యాగు తగిలించుకున్న కుర్రాడొకడు వంగి చూసి, “సార్, ఈ ఎడిషన్ పనికొస్తదా?” అన్నాడు. అంతే, ఆయన మూసిన దుకాణం మెట్టు మీద కూర్చుని, మార్జిన్లో ఉన్న లెక్క ఎక్కడ తప్పిందో వేలితో చూపిస్తూ ఘర్షణ బలం మొదలుపెట్టారు. ఆ కుర్రాడికి ఇంకో ఇద్దరు స్నేహితులు తోడయ్యారు. దొడ్డమ్మ నా చెయ్యి గిల్లి, “రిటైరైన తర్వాత ఈయన ఇంత గట్టిగా మాట్లాడగా వినడం ఇదే” అంది. అబిడ్స్ మీద నాకున్న అనుమానాలు సగం అక్కడే పోయాయి.

మిగతా సగం ఇళ్లు చూసేటప్పుడు బయటపడ్డాయి.

బొగ్గులకుంటలో మూడో అంతస్తు ఫ్లాటు. గాలీ వెలుతురూ బాగున్నాయి. లిఫ్టు మాత్రం ఇనుప జాలీ తలుపుల నాటిది. జనరేటర్ లేదు. “మంజీరా నీళ్లు ఎప్పుడొస్తాయమ్మా?” అని దొడ్డమ్మ వాచ్‌మన్ భార్యనడిగింది. “దినం తప్పించి దినం వస్తయమ్మా, సంపు పెద్దగనే ఉంది.” దొడ్డమ్మ వంటిల్లు తొంగి చూసి, బాత్రూం గుమ్మం దగ్గర ఆగి, జానెడెత్తు గడప మీద పాదం పెట్టింది. “ఏవండీ, మీరు రాత్రిళ్లు లేస్తారు. ఈ గడప ఉండగా ఈ ఇల్లొద్దు” అని కిందికి దిగేసింది.

ఆమె తీర్పే సరైనది. లైబ్రరీ ఎంత దగ్గరైనా, తుంటి ఎముక విరిగితే అందదు. ఈ పేటలో పెద్దవాళ్లకు అసలు కష్టం రోడ్డు మీదే ఉంది. ఫుట్‌పాత్‌లను బైకులు, బండ్లు ఆక్రమించేస్తాయి, రోడ్డు దాటడం ప్రాణాంతకం. నెహ్రూ విగ్రహం దగ్గర దాటడానికి మేం పడ్డ అవస్థ ఏ వృద్ధుడికీ రాకూడదు. చదువుల పేట అని చెప్పుకునే చోట ముసలివాళ్లు, పిల్లలు నిర్భయంగా నడిచే బాట వెయ్యడం నగరపాలక సంస్థ మొదటి పని కావాలి.

మధ్యాహ్నం నాంపల్లి వైపు వెళ్లాం. అక్కడ సందులో మొదటి అంతస్తు ఇల్లొకటి అందరికీ నచ్చింది. నాలుగడుగులేస్తే మెట్రో. అమీర్‌పేటలో మారితే రాయదుర్గం, అక్కణ్ణుంచి ఆటోలో కూతురిల్లు. కేర్ ఆసుపత్రి, పబ్లిక్ గార్డెన్స్ దగ్గరే. ఆధార్‌లో చిరునామా మారిస్తే దొడ్డమ్మకి ఆర్టీసీ బస్సు ఉచితం. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆ సౌకర్యముంది.

చిక్కల్లా నుమాయిష్‌తోనే. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిన ఆ ప్రదర్శన 1946 నుంచి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో సాగుతోంది. మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి నడుమదాకా రాత్రిళ్లు మైకులూ ట్రాఫిక్కే. అయితే దాని ఆదాయంతోనే ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతోంది. ఆ మైదానంలోనే ఉన్న సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం వాటిలో ఒకటి. ఆ చప్పుడులోంచే ఎందరో ఆడపిల్లల చదువు నడుస్తోందంటే కొంత ఓర్చుకోవాలనిపిస్తుంది.

మర్నాడు పెదనాన్నగారు ఓ కాలేజీకి వెళ్లి, వెనక బెంచీలో కూర్చుని పాఠం వినొచ్చా అని అడిగారు. బయటివాళ్లకు అలాంటి వీలు లేదన్నారు. 1973లోనే ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో వృద్ధులకోసం ‘మూడో వయసు విశ్వవిద్యాలయం’ మొదలైంది. ఒక్కో క్లాసులో ఇద్దరు పెద్దవాళ్లను కూర్చోబెట్టుకుంటే మన కాలేజీలకు ఖర్చేమీ పెరగదు, పిల్లలకు లాభమే. ఇది ఎవరైనా పట్టుబట్టి సాధించాల్సిన పని. ఈలోగా 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం హైదరాబాదులో ఉండనే ఉంది. అక్కడ చదువుకి గరిష్ఠ వయసంటూ లేదు. తెలుగు ఎం.ఏ.కి కట్టాలని ఆయన నిశ్చయించుకున్నారు.

ఇంటి ఓనరు బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీలు బిగిస్తానన్నాడు. పదకొండు నెలల అగ్రిమెంటు రాద్దామన్నాడు. కాకినాడ ఇల్లు అమ్మకూడదని దొడ్డమ్మ ముందే తేల్చేసింది. పెదనాన్నగారు అడ్వాన్సు కోసం జేబులో చెయ్యి పెట్టబోతే ఆపింది.

“జనవరిలో ఓ శనివారం రాత్రి వచ్చి ఇక్కడ పడుకుందాం. ఆ హోరులో మీకు నిద్రపడితే పొద్దున్నే ఇచ్చేద్దురుగాని.”

ఓనరు సరేనని ఫోన్ నంబరు రాసిచ్చాడు.