తెనాలినుండి తీరమునకు: నడువలేని బిడ్డకు తగిన బండి

యాత్ర యనగానే మన యిండ్లలో ముందుగా తినుబండారముల మాట వచ్చును. పిదప చీరల మాట, టిక్కెట్ల మాట. నడువలేని బిడ్డయున్న యింట మాత్రము తొలిమాట వేరు. “వీని నెవరియొద్ద విడిచిపోవుదము?” అమ్మమ్మయో, మేనత్తయో బిడ్డతో నింట నిలిచిపోవుటయు, తక్కినవారు వేడుక చూచివచ్చి వాని చేతిలో మిఠాయి పెట్టుటయు పెక్కుచోట్ల జరుగుచున్నదే. ప్రేమ చాలక యిట్లు చేయుటలేదు. తీసికొనిపోవు సాధనము లేక చేయుదురు. ఆ సాధనమును గూర్చియు, దానితో తెనాలి, బాపట్ల, రేపల్లెల నడుమ మేము చేసిన మూడుదినముల ప్రయాణమును గూర్చియు సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

మేమనగా ఇద్దరు తోడికోడండ్రము, మా యత్తగారు, ఎనిమిదేండ్ల మా బాబు. వానికి పుట్టుకతోనే మస్తిష్క పక్షవాతము. కాళ్లు బిగిసియుండును, మెడ నిలుపుట కష్టము, బరువు 19 కిలోలు. మాటలు కొన్నియే కాని అన్నియు గ్రహించును. ఇన్నాళ్లును వానిని చంకనెత్తుకొని తిరిగినది మా యత్తగారే. బండి కొందమనినప్పుడు ఆమె, “వీథిలోనివారు మెచ్చుకొనుటకు గాదు, వాని వెన్నునకు తగినది కొనుడు. వాని బరువెంతో నా నడుమునకు తెలియును” అనిరి. ఈ మాటయే మాకు కొలబద్ద యయ్యెను.

అంగళ్లలో మూడుతీరుల బండ్లు చూచితిమి. మొదటిది పసిపిల్లల తేలికబండి. 1965లో ఓవెన్ మెక్లారెన్ అను బ్రిటిషు విమాన ఇంజనీరు గొడుగువలె ముడుచుకొను బండిని కల్పించెను. ఇట్టి బండ్లకు మూలమదియే. రైలులో పెట్టుకొనుటకు మిగుల సుకరము. కాని పెక్కింటికి 15 కిలోలే పరిమితి. అది బండిమీదనే వ్రాసియుండును, చదువక కొనరాదు. పైగా దాని గుడ్డ ఆసనము ఉయ్యెలవలె క్రుంగును. నడుము నిలువని బిడ్డ అందులో ఒకప్రక్కకు ఒరిగిపోవును. రెండవది పెద్దలకు చేసిన చక్రాల కుర్చీ. అందులో బిడ్డ, గంపలో కాయవలె, అటునిటు దొరలును. మూడవది ఇట్టి బిడ్డలకే చేసిన బండి: తలకు ఆనిక, ప్రక్కలకు మెత్తలు, కాళ్లకు పలక, తుంటికి పట్టీ కలది. మేము దీనినే కొంటిమి.

కొలతలకు టేపుకన్న ముందు మన వ్రేళ్లే చాలును. బిడ్డను కూర్చుండబెట్టినప్పుడు తుంటికి ఇరుప్రక్కల ఒక్కొక్క వ్రేలి సందుండవలెను. అంతకు మించిన ఒరుగును. ఆసనపు అంచునకును మోకాలి మడతకును నడుమ రెండువ్రేళ్ల సందు కావలెను. లేనిచో అంచు ఒరసి కాలు నొచ్చును. పాదములు వ్రేలాడక పలకపై పూర్తిగా ఆనవలెను. వెనుకకు వాలు బండ్లు రెండు విధములు. ఒకదానిలో వీపుపలక మాత్రమే వాలును. బిగువుకాళ్ల బిడ్డ అందులో క్రిందికి జారును. రెండవదానిలో ఆసనము, వీపుపలక ఒక్కటిగా వాలును. తుంటి వంపు చెడదు, బిడ్డ జారడు. ఈ భేదమును మాకు తెలిపినది బాబుచేత వ్యాయామము చేయించు ఫిజియోథెరపిస్టు. ఆమెను అడుగకుండ ఏదియు కొనలేదు.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో వెలువరించిన సూచనలలోను ఇదే సారము: బండి బిడ్డ శరీరమునకును, తిరుగవలసిన నేలకును తగియుండవలెను. వినోదవనములలో నున్నని బాటలుండును; అచ్చట ఏ బండియైనను సాగును. మన ప్రయాణములో మూడుకాలువలు పారు తెనాలి బజారులు, రైలుపెట్టె మెట్లు, గుడి గడపలు, సముద్రపు టిసుక యున్నవి. కావున ముందుచక్రములు మరీ చిన్నవి కాని బండి నెంచి, బయలుదేరుటకు ముందు వారముదినములు తెనాలి వీథులలోనే త్రోసి చూచితిమి.

తోడులేక పోలేని యంగవైకల్యము గలవారికిని, వెంటవచ్చు నొకరికిని రైలుచార్జీలో రాయితీ కలదు. తగిన ధ్రువపత్రమును ముందే సంపాదించుకొనవలెను. రైలు ఏ ప్లాట్‌ఫారమునకు వచ్చునో, అచ్చటికి లిఫ్టు గాని వాలుబాట గాని యున్నదో ముందుగా విచారించుట మేలు. ప్లాట్‌ఫారము సమముగా తోచినను కొంత వాలుండును. అందుచేత బండిని పట్టాలవైపు తిప్పి నిలుపక, పట్టాలకు సమాంతరముగా నిలిపి, రెండు బ్రేకులును వేయవలెను.

బాపట్లలో రైలు నిలుచునది కొలదిసేపే. మాలో ఒకరు బిడ్డతో, ఒకరు మడచిన బండితో, అత్తగారు సంచులతో ముందు స్టేషనుననే తలుపుకడకు చేరియుంటిమి. భావపురి యను పూర్వనామమునకు కారణమైన భావనారాయణస్వామిని దర్శించితిమి. ఆ యాత్రలోనే ఒక గుడివాకిట ఎవరో యొకామె, జాలిచేత గాబోలు, మా బాబు ఒడిలో రూపాయి నాణెము వేసినది. మాకు కన్నుల నీరు తిరిగెను. మా యత్తగారు మాత్రము ఏమియు ననక, బండిని హుండీకడకు త్రోసికొనిపోయి, ఆ నాణెమును వానిచేతనే అందులో వేయించిరి. వాడు కిలకిల నవ్వెను.

బాపట్లకు 9 కిలోమీటర్లలో సూర్యలంక తీరము. పొడియిసుకలో ముందుచక్రము దిగబడును. ఎంత త్రోసిన అంత లోతునకు పోవును. అచ్చట బండిని వెనుదిప్పి, పెద్దచక్రములు ముందుగా, ఇద్దరు కలిసి లాగవలెను. మేము రెండు ఈతచాపలు కొనిపోయితిమి. ఒకటి దాటగానే దానిని తీసి ముందు పరచుచు తడియిసుక చేరితిమి. అది గట్టినేల, బండి సుఖముగా సాగినది. బ్రేకులు వేసి, ఇరుప్రక్కల పట్టుకొని, అల వచ్చి పాదములు తడుపువరకు నిలిచితిమి. కెరటము వచ్చినప్పుడెల్ల వాడు పోయినదానికి కాక రాబోవుదానికి చేయి చాచుచుండెను. 2022 నవంబరులో చెన్నై మెరీనా తీరమున చక్రాల కుర్చీలు నీటిదరికి పోవుటకు చెక్కబాట తెరచిరి. అట్టి బాట ప్రతి తీరమునను ఉండదగినది. బసకు వచ్చినవెంటనే బండిని మంచినీట కడిగి, తుడిచి, ఇరుసులకు నూనె వేయవలెను; ఉప్పు ఇనుమును తినివేయును.

మూడవనాడు తెనాలికి మరలివచ్చి రేపల్లె రైలెక్కితిమి. దారిలో భట్టిప్రోలు వచ్చినది. 1892లో అలెగ్జాండర్ రే అచ్చటి స్తూపమును త్రవ్వింపగా ధాతువుల భరిణెలు బయల్పడిన కథను మాలో చిన్నది బాబునకు చెప్పినది. రేపల్లె ఆ దారికి చివరి స్టేషను. రైలు అచ్చటనే నిలిచిపోవును గనుక తొందరలేక దిగవచ్చును. బిడ్డతో మొదటిసారి రైలెక్కువారు ఇట్టి చోటికే పోవుట యుత్తమము. పెనుమూడికి పోయి కృష్ణమ్మను చూచితిమి. రేవున మెట్లున్నచోట బండిని పైననే నిలిపి, చెంబుతో నీరు తెచ్చి వాని తలపై చల్లితిమి.

కొనుశక్తి లేనివారు నిరాశపడ నక్కరలేదు. 1981 నుండి కేంద్రప్రభుత్వపు ఎడిప్ పథకము నడచుచున్నది. 40 శాతమునకు తక్కువకాని వైకల్యమని పత్రముండి, ఆదాయము పరిమితిలోపల నున్నచో ఉపకరణము లిత్తురు. ఇట్టి బిడ్డలకు కుర్చీలు చేయు అలిమ్కో సంస్థ 1972లో కాన్పూరున నెలకొన్నది. 2022 ఏప్రిల్ 4 నుండి బాపట్ల, రేపల్లెలు బాపట్ల జిల్లాలోనివి. తెనాలి గుంటూరు జిల్లాలోనిది. ఏ జిల్లావారు ఆ జిల్లా విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ కార్యాలయముననే విచారింపవలెను.

బండి యెట్టిదైనను డబ్బు చెల్లించుటకు ముందు బిడ్డను అందులో అరగంట కూర్చుండనిండు. ఒరుగుచున్నాడా, జారుచున్నాడా, కాలు ఎఱ్ఱబడినదా చూడుడు. తుదకు వాని మొగము చూడుడు. కొలతలు చెప్పలేని సంగతి ఆ మొగమే చెప్పును.